పావురానికి పెట్టిన దండం

పండుగ వచ్చిందంటే చాలు, ఇప్పుడు ఎక్కడ చూసినా హెచ్చరికలే. పేపర్లో ఒక మూల, సినిమా హాల్లో ఆట మొదలయ్యే ముందు ఒక స్లైడు, బస్సుల అడ్డాలో మైకు. మోసగాళ్ళున్నారు, జాగ్రత్త! మా ఇంట్లో పిల్లలు అవి చదివి నవ్వుకుంటారు, తమలాంటి తెలివిగలవాళ్ళను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదన్నట్టు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి హెచ్చరికను ఈ పాతబస్తీలో స్వయంగా నా చేత్తో రాసినవాణ్ణి నేను. రాసిన పది రోజులకు నేను చేసిన ఘనకార్యం కూడా చెబుతాను వినండి. ఆ తరువాత నవ్వుతారో ఏడుస్తారో మీ ఇష్టం.

నేను పోలీసు నాకాలో మొహర్రిర్‌గా పనిచేశాను. నాకా అంటే చిన్న పోలీసు ఠాణా. మొహర్రిర్ అంటే అక్కడ కలం పట్టేవాడు. దొంగను పట్టేది జవాన్లు, తిట్టేది మా పై అధికారి అమీన్ సాబ్, రాసేది నేను. ఇంట్లో తెలుగు, బజార్లో దక్ఖనీ, కాగితం మీద ఉర్దూ. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పేరు. అప్పటికి పదకొండేళ్ళ కొలువులో ఒక్క కొట్టివేత లేదు. ఎవరైనా ఫిర్యాదు తెస్తే ముందు కూర్చోబెట్టి నీళ్ళిచ్చేవాణ్ణి, తరువాత ప్రాణం తీసేవాణ్ణి. ఎందుకంటే ఫిర్యాదు కాగితంలో ఒక గడి ఉండేది, 'ఆలస్యానికి కారణం' అని. పొద్దున చెంబు పోతే మధ్యాహ్నం వచ్చారేం? ఇంతసేపూ ఏం చేశారు? జవాబు సరిగా లేకపోతే కలం కదిలేది కాదు. ఆ గడి ముందు పెద్దపెద్ద మీసాలవాళ్ళు కూడా తడబడటం చూసి లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాదో, దాని మరుసటి ఏడాదో, సరిగ్గా గుర్తు లేదు. దసరాకు పది రోజుల ముందు పైనుంచి ఒక హుకుం వచ్చింది. పండుగల రోజుల్లో దగాలు పెరిగిపోయాయట. నెయ్యిలో కొవ్వు కలుపుతున్నారు, నూలుకు మెరుగు పెట్టి పట్టంటున్నారు, ఇత్తడి ముక్కుపుడకకు బంగారం ధర చెబుతున్నారు. కాబట్టి ప్రతి నాకా ప్రజలను హెచ్చరించాలి. పండుగ వెళ్ళేలోపు ఒక్క దగాకోరునైనా పట్టి పంపాలి. ఇంటికొక కోడి చొప్పున అన్నట్టు, నాకాకొక దగాకోరు.

హెచ్చరిక రాసే భాగ్యం నాకు దక్కింది. నాకు తెలిసిన కష్టమైన ఉర్దూ మాటలన్నీ అందులో కుక్కాను. అమీన్ సాబ్ చదివి, "వాహ్ మొహర్రిర్ సాబ్, వాహ్!" అన్నారు. ఆయనకు సగం అర్థం కాలేదని తరువాత తెలిసింది. దాన్ని మాదన్నపేట కూరగాయల మార్కెట్ గోడకు మైదా లయి పూసి అంటించాం. చదవగలిగినవాడు ఆ బజార్లో ఒక్కడూ లేడు. సాయంత్రానికి ఒక మేక వచ్చి, లయి రుచికి మరిగి, కాగితాన్ని కింది నుంచి పైదాకా నమిలేసింది. నా హెచ్చరికను ఆసాంతం స్వీకరించిన ప్రాణి అదొక్కటే. చివరికి డప్పు కొట్టేవాడిని పిలిచి చాటింపు వేయమంటే, నా రెండు పేజీలను వాడు మూడు మాటల్లో తేల్చేశాడు. "పండుగొచ్చింది, దొంగలున్నరు, పైలం!" నాకు ఎంత కోపం వచ్చిందంటే వాడితో వారం మాట్లాడలేదు. వాడు చెప్పిందే అందరికీ అర్థమైందని అప్పుడు ఒప్పుకోలేదు.

హెచ్చరిక సంగతి అట్లా ముగిసింది. ఇక దగాకోరు కావాలి. కొవ్వు కలిపినవాడు దొరకలేదు, దొరికినవాడేమో అమీన్ సాబ్ ఇంటికి నెయ్యి పంపేవాడు. చూస్తుండగానే దసరా రోజు వచ్చేసింది. అప్పట్లో పెద్ద ఠాణాలో పెద్ద మొహర్రిర్ కొలువు ఒకటి ఖాళీగా ఉండేది. ఆ కుర్చీ రాత్రుళ్ళు నా కలలోకి వచ్చేది. ఒక దగాకోరును నేనే పట్టి, నేనే రాసి పంపితే ఆ కుర్చీ నాదేనని లోపల ఒకటే ఆశ.

దసరానాడు పాలపిట్టను చూడాలనేది మావాళ్ళకు ఎంత పట్టింపో మీలో కొందరికి తెలియకపోవచ్చు. చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుంది. పల్లెల్లో అయితే పొలం గట్టుకు పోతే కనిపిస్తుంది. పాతబస్తీ గల్లీల్లో పాలపిట్ట ఎక్కడ దొరుకుతుంది? అందుకని ఊరి బయటి గుడిసెల నుంచి పిట్టలు పట్టేవాళ్ళు పంజరాల్లో పెట్టుకొని ఇంటింటికీ తెచ్చేవారు. మనం చూసి దండం పెట్టుకొని, నాలుగు గింజలో నాలుగు డబ్బులో చేతిలో పెడతాం. సాయంత్రం వాళ్ళు పిట్టను వదిలేస్తారు. ఇది తరాల నుంచి వస్తున్న పద్ధతి.

ఆ పొద్దున మా గుమ్మం ముందు నిలబడినవాడు మాత్రం గుడిసెల మనిషిలా లేడు. జరీ తలపాగా, చేతిలో ఇత్తడి పంజరం, పంజరానికి బంతిపూల దండ, ముందు సాంబ్రాణి పొగ. లోపల పిట్ట తల నుంచి తోక దాకా నీలం. ఏం నీలం! అంత నీలం నేను ఆకాశంలో కూడా చూడలేదు.

"అయ్యా, వేరేటోళ్ళు దూరంకెల్లి సూపిస్తరు. నేను తాకనిస్త. చేతులు కడుక్కొని, తడిచేత్తోని గిట్ల పిట్టను తాకి కండ్లకద్దుకోండ్రి. ఏడాదంత మీ కండ్లల్ల లచ్చిమి ఉంటది," అన్నాడు.

మా అమ్మకు రెండు కళ్ళలో పొరలు కమ్మి అప్పటికి మూడేళ్ళు. వెలుగు చీకటి తప్ప ఏమీ కనబడదు. ఆమెను చేయిపట్టి తీసుకొచ్చి పిట్టను తాకించాను. ఆమె కళ్ళకు అద్దుకుంది. నేనూ అద్దుకున్నాను. అప్పుడు పిట్ట నోరు విప్పింది.

అమ్మ తల పక్కకు వంచి వింది. "ఏందిరా గిది, గుటుర్ గుటుర్ అంటున్నది? పాలపిట్ట గిట్ల కూస్తదారా?"

తలపాగావాడు తడుముకోలేదు. "పండుగ పూట దాని మీదికి అమ్మవారొస్తదమ్మా. గొంతు మారుతది."

"మారుతదా? మా ఊర్ల ఎన్నడు మారలే మరి," అంది అమ్మ.

నాకు చిన్నతనంగా అనిపించింది. బయటివాడి ముందు మా అమ్మ అనుమానపడటమా? "నీకు కండ్లు కనవడయ్, నువ్వేంది చెప్పేది? నేను జూస్తున్న గద, నీలమణి లెక్క మెరుస్తున్నది. పోలీసోన్ని నేను, నన్ను మోసం జేసేటోడున్నడా ఈ బస్తీల?" అని గట్టిగా అన్నాను. తలపాగావాడు వంగి సలాం చేశాడు. ముందుగా నాకాకు పోయి అమీన్ సాబ్‌కు కూడా సలాం చేసి, ఇజాజత్ తీసుకొనే బస్తీలోకి వచ్చానని చెప్పాడు. ఇంకేం కావాలి? వాడు అడిగినదానికి రెట్టింపు ఇచ్చి పంపాను.

అమ్మ మాత్రం గుమ్మంలోనే కూర్చుని, "అయితె గొంతు మారుతదన్నట్టు," అని తనలో తాను రెండుసార్లు అనుకుంది.

నేను ఇస్త్రీ బట్టలు తొడుక్కొని, బీటు మీద ఉన్న జవాన్‌తో కలిసి మాదన్నపేట మార్కెట్ దాకా పోయాను. ఆ జవాను నాకంటే వయసులో పెద్ద. ఎక్కువ మాట్లాడడు, ఎందుకంటే మాట్లాడితే నేను రాస్తానని భయం. మార్కెట్లో బీరకాయల గుట్టల మధ్య జనం గుంపుగా ఉన్నారు. మధ్యలో ఒక నల్లటి బక్కమనిషి. చేతిలో వెదురు పుల్లల పంజరం, పక్కన అతని భార్య. పంజరంలో గోధుమరంగు పిట్ట ఒకటి, మెడ ముడుచుకొని, రెక్కలు మూసుకొని, ఎవరితోనో అలిగినట్టు కూర్చుంది.

బర్రెల దొడ్డి నడిపే ఒక పెద్దావిడ నడుముకు చేతులు పెట్టుకొని దబాయిస్తోంది. "ఇగో, పొద్దుగాల మేం జూసిన పాలపిట్ట నీలంగ తళతళ మెరిసింది. గిదేంది, మట్టిల పొర్లినట్టున్నది? ఎవల్ని మోసం జేద్దామని వచ్చినవ్?"

"ఇదే పాలపిట్ట తల్లీ, నీ బాంచెన్. కూసున్నప్పుడు గిట్లనే ఉంటది. రెక్క ఇప్పితె కనవడ్తది దాని సోకు," అన్నాడు పిట్టలవాడు.

"అయితె తాకనియ్!"

"కరుస్తది తల్లీ. అడివి పిట్ట. తాకనియ్యది."

చూడండి, తాకనివ్వడట! నా బుర్రలో దీపం వెలిగింది. పొద్దున నేను అసలు పాలపిట్టను తాకి వచ్చినవాణ్ణి. నకిలీని గుర్తుపట్టడానికి ఈ బస్తీలో నాకంటే అర్హుడెవడు? ముందుకు పోయి అతని భుజం మీద చెయ్యి వేశాను. అతను తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు. ఒక్క క్షణం ఏదో చెప్పబోయాడు. నా కళ్ళవైపు చూసి, నోరు మూసుకొని తల దించుకున్నాడు. దొంగ కాకపోతే అట్లా ఎందుకు తల దించుకుంటాడని నేను అనుకున్నాను. జనం నన్ను మెచ్చుకున్నారు. బర్రెల దొడ్డి ఆవిడ నా చేతిలో ఒక సొరకాయ కూడా పెట్టింది.

నాకాలో అమీన్ సాబ్ పొంగిపోయారు. పండుగ గడువు ముగిసే రోజున దగాకోరు పంజరంతో సహా నడిచొచ్చాడు మరి. నేను పంచనామా రాశాను. 'మట్టి రంగు గల ఒక అల్పమైన పక్షిని పాలపిట్టగా చూపి అమాయక ప్రజలను వంచించుచుండగా' అని మొదలుపెట్టి పేజీన్నర. అమీన్ సాబ్ దస్తఖత్ చేశారు. పిట్టలవాడిని లోపల వేశారు. సెలవులయ్యాక నయాపూల్ దగ్గరి కోర్టు కచేరీకి తీసుకుపోవాలి. పంజరాన్ని సాక్ష్యం కింద నా బల్ల మీద పెట్టారు.

అతను ఊచల వెనక నుంచి ఒకటే మాట. "దొరా, కొట్టుండ్రి, తిట్టుండ్రి. దగా కేసుల నా పేరు రాయకుండ్రి."

ఎందుకంటున్నాడో నాకు తెలుసు. జైలు ఒక్కటే అయితే ఆరు నెలల్లో బయటపడతాడు. కానీ అతని కులంలో ఒకడి పేరు దగా కేసులో ఎక్కితే, వాళ్ళ గుడిసెలన్నీ ఠాణా దఫ్తర్‌లోకి ఎక్కుతాయి. ఆ గుడిసెల్లోని ప్రతి మగవాడూ పొద్దూ మాపూ వచ్చి హాజరు పలకాలి. అడిగి తప్ప అడవికి పోకూడదు. పిట్టలు పట్టి బతికేవాళ్ళు అడవికి పోకపోతే ఏం తింటారు? ఇరవై గుడిసెల నోటికాడి కూడు నా కలం కొసన ఉంది. అయినా నేను కదల్లేదు. నకిలీ పిట్టను తెమ్మని వాడికి ఎవరు చెప్పారు అనుకున్నాను. అతని భార్య గేటు దగ్గర నేల మీద కూర్చుంది. ఏడవలేదు, కాళ్ళు పట్టుకోలేదు. చాలాసేపటికి ఒక్కసారి పిలిచింది.

"అయ్యా, గా పిట్టకు నీళ్ళన్న వెట్టుండ్రి. పొద్దట్నుంచి తాగలే."

చిప్పలో నీళ్ళు పెట్టాను. పిట్ట తాగి, నావైపు చూసి, 'కర్ర్ కర్ర్' మని ఒక అరుపు అరిచింది. గొంతు పట్టిన ముసలివాడు ఖాండ్రించినట్టు ఉంది. ఇది పాలపిట్ట గొంతా అని నేనూ జవానూ కడుపుబ్బ నవ్వాం.

మధ్యాహ్నం సొరకాయ చంకన పెట్టుకొని ఇంటికి పోయాను. అమ్మకు నా ప్రతాపమంతా వర్ణించి చెప్పాను. ఆమె అన్నం కలుపుతూ విని, ఒక్క ప్రశ్న అడిగింది.

"అది ఎట్ల అరిసిందిరా?"

నేను అరిచి చూపించాను. కర్ర్ కర్ర్.

అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఓరి నీ పాడుగాను! గదేరా పాలపిట్ట! చిన్నప్పటి సంది మా చేన్ల ఇన్న గొంతు, నేను మరుస్తనా? అసలుదాన్ని జైల్ల వెట్టి, పావురానికి దండం వెట్టినవ్ గదరా కొడుకా! నాతోని గూడ వెట్టిపిచ్చినవ్!"

"నీకు కండ్లు..." అని మొదలుపెట్టి ఆమె ముఖం వైపు చూశాను. అమ్మ రెండు కనురెప్పలూ నీలంగా ఉన్నాయి. చేతివేళ్ళు నీలం. తెల్లచీర కొంగు మీద నాలుగు వేళ్ళ అచ్చు. చాకళ్ళు బట్టలకు వేసే నీలిమందు! పొద్దున తడిగా ఉన్నప్పుడు కనబడలేదు, ఆరాక తేలింది. పరుగెత్తి అద్దం ముందు నిలబడ్డాను. అద్దంలో నా కళ్ళకు కూడా నీలం అంటుకొని ఉంది. పొద్దున్నుంచి ఆ ముఖంతోనే బజారంతా తిరిగి, దగాకోరును పట్టి, పంచనామా రాశాను! సిగ్గుతో నాకు నేల చీలితే బాగుండుననిపించింది. కుంకుడు రసంతో కళ్ళు మండిపోయేలా రుద్దుకున్నాను. సగం పోయింది, సగం పోలేదు.

నాకాకు తిరిగొచ్చి జవాన్‌ను పక్కకు లాగాను. "నా కండ్లకు నీలి ఉన్నదని నాకెందుకు జెప్పలే?"

"సుర్మా వెట్టుకున్నరేమో అనుకున్న సాబ్, పండుగ గద," అన్నాడు. అని తన కళ్ళను భుజానికి తుడుచుకున్నాడు. అతనివీ నీలమే.

ధైర్యం తెచ్చుకొని అమీన్ సాబ్ గదిలోకి పోయాను. ఆయనది పాలలాంటి తెల్లటి గడ్డం. ఆ గడ్డం మధ్య నుంచి కిందికి ఒక నీలం చార! పొద్దున తలపాగావాడు సలాం చేయడానికి వచ్చినప్పుడు ఆయన కూడా ముచ్చటపడి పిట్టను నిమిరి, అదే చేత్తో గడ్డం నిమురుకున్నారన్నమాట. నాకాలో పదకొండు మంది ఉన్నారు. పొద్దున్నుంచి ఒక్కడికీ నోరు పెగలలేదు. నాకూ పెగలలేదు.

"హుజూర్, ఆ పిట్ట అసలుదేనేమో అని నా అనుమానం," అన్నాను.

ఆయన పంచనామా తీసి చూపించారు. "కాగజ్ పే క్యా లిఖా హై? నకిలీ. కిస్‌నే లిఖా? ఆప్‌నే. దస్తఖత్ కిస్‌కే? మేరే." నకిలీ అని రాసింది నేను, దస్తఖత్ ఆయనది. తరువాత నెమ్మదిగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. పిట్ట అసలుదైతే కాగితం అబద్ధమవుతుంది. కాగితం మీద ఆయన దస్తఖత్ ఉంది కాబట్టి అది అబద్ధం కావడానికి వీల్లేదు. కాబట్టి పిట్టే నకిలీ. ఇంత చక్కని తర్కం నేను మళ్ళీ కచేరీల్లో కూడా వినలేదు.

"ఒక్కసారి ఎగరనిస్తే తేలుతుంది హుజూర్. రెక్క విప్పితే రంగు కనబడుతుందట."

"సుబూత్‌ను ఎగరనిస్తారా? కచేరీలో ఏం చెప్పాలి, సాక్ష్యం గాల్లో ఉంది, చూసుకోండి అనా?" గడ్డం నిమురుకున్నారు. నీలం చార ఇంకొంచెం వెడల్పయింది. "ఒక్క దారి ఉంది. పొద్దున ఆ నీలం పిట్టవాడు మోసం చేశాడని ఎవరైనా ఒక్కరు ఫిర్యాదు ఇవ్వాలి. ఏక్ ఆద్మీ. అప్పుడు అసలు దగాకోరు వాడవుతాడు. ఇతణ్ణి వదిలేసి, కాగితం చింపేస్తాను."

ఒక్క మనిషి! ఇంత సులువా అనుకొని మాదన్నపేటకు పరుగెత్తాను. బర్రెల దొడ్డి ఆవిడ కళ్ళు రెండూ నీలం గుంటల్లా ఉన్నాయి, పొద్దున దగాకోరు ధ్యాసలో నేను గమనించనే లేదు. ఫిర్యాదు అనగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "నేను జూడనే లేదు కొడుకా గసొంటి పిట్టను. ఎవలో చెప్తే ఇన్న." పొద్దున సాక్ష్యం చెప్పింది ఈమే! చింతపండు అమ్మే షావుకారు టోపీని కనుబొమల మీదికి లాక్కొని, "మేం మోసపోయేటోళ్ళమా సాబ్? మేము బేపార్ చేసేటోళ్ళం," అన్నాడు. మిషన్ ఆసుపత్రిలో పనిచేసే ఒకాయన, "మాకు ఈ పండుగ లేదు కదండీ," అన్నాడు. ఆయన కుడికన్ను ఒక్కటే నీలం. ఎందుకైనా మంచిదని ఒక్క కంటికే అద్దుకున్నట్టున్నాడు. బజారంతా తిరిగాను. మోసపోయిన ముద్ర అందరి ముఖాల మీదా ఉంది, మోసపోయినవాడు ఒక్కడూ లేడు.

మీరు అడుగుతారని తెలుసు. మరి నువ్వు ఉన్నావుగా, నువ్వు ఇవ్వలేకపోయావా ఫిర్యాదు అని. ఆ ఒక్క మనిషి నేనే కావచ్చునన్న ఆలోచన నాకు రాకపోలేదు. నాకా మెట్లెక్కేటప్పుడు వచ్చింది, బల్ల ముందు కూర్చున్నప్పుడు వచ్చింది, ఖాళీ కాగితం కూడా తీశాను. మొహర్రిర్‌గా పనిచేయుచున్న నేను ఒక పావురానికి... అని రాయాలి కదా! ఆ కాగితం పై ఠాణాకు పోతుంది. ఆ పెద్ద కుర్చీ పక్కన నిలబడి నలుగురూ చదువుతారు. నా చెయ్యి కదల్లేదు. ఊచల వెనక నుంచి అతను నన్నే చూస్తున్నాడు. గేటు దగ్గర అతని భార్య పొద్దున కూర్చున్నచోటే కూర్చుంది.

సాయంత్రం జనం జమ్మిచెట్టు దగ్గర పూజ ముగించుకొని నాకా ముందుకు వచ్చారు. ఏటా అదే రివాజు. జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అని గుండెకు హత్తుకుంటారు. అమీన్ సాబ్ కూడా బయటికి వచ్చి అందరి ఆకులూ తీసుకుంటారు. వాకిలి నిండిపోయింది. ఎటు చూసినా నీలం కళ్ళే. ఒకరినొకరు చూసుకొని, ఏమీ ఎరగనట్టు కౌగలించుకుంటున్నారు. నేను పంజరాన్ని తెచ్చి వాకిట్లో గద్దె మీద పెట్టి, తలుపు తీశాను.

"మొహర్రిర్ సాబ్, యే క్యా?" అని అమీన్ సాబ్ కేక.

పిట్ట బయటికి వచ్చింది. గద్దె మీద నుంచి గోడ మీదికి ఒక్క గెంతు వేసి అక్కడ కూర్చుంది. అదే మట్టిరంగు, అదే అలక. ఎవరో కిసుక్కుమన్నారు. అయిపోయింది, నౌకరీ పోయింది, మనిషీ పోయాడు అనుకున్నాను. అప్పుడు గేటు దగ్గరి నుంచి అతని భార్య చప్పట్లు చరిచి, నాలుకతో ఒక చప్పుడు చేసింది. పిట్ట రెక్కలు విప్పింది.

ఏం చెప్పమంటారు! ఆ మట్టిరంగు లోపల ఇంత నీలం ఎక్కడ దాగుంది? ముదురు నీలం, లేత నీలం, పట్టీలు పట్టీలుగా, సాయంత్రపు ఎండలో మా తలల మీదుగా ఒక చుట్టు తిరిగింది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా చేతులు జోడించారు. జవాను టోపీ తీశాడు. అమీన్ సాబ్ కుడిచెయ్యి తనకు తెలియకుండానే సలాంకు లేచింది. కర్ర్ కర్ర్ అని రెండు అరుపులు అరిచి, పిట్ట మూసీ వైపు వెళ్ళిపోయింది. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఇంట్లో అమ్మకు ఆ అరుపు వినబడి ఉంటే బాగుండేదని అనిపించింది.

అమీన్ సాబ్ నావైపు తిరిగారు. "కాగజ్ ఫాడ్ దో," అన్నారు. నా చేతులతో నేనే పంచనామాను చింపాను. పిట్టలవాడిని వదిలేశారు. ఆ తరువాత ఆయన నన్ను కూర్చోమని, ఇంకో కాగితం తీయమన్నారు. సాక్ష్యంగా ఉన్న పక్షిని అజాగ్రత్త వల్ల పోగొట్టినందుకు మొహర్రిర్‌కు మందలింపు. నా మీది మందలింపును నా ముత్యాల దస్తూరీతో నేనే రాశాను. పెద్ద కుర్చీ ఇంకెవరికో పోయింది. నేను రిటైరయ్యేదాకా నా సర్వీసు పుస్తకంలో ఆ కాగితం ఉంది.

బస్తీలో మాత్రం నా పేరు మార్మోగింది. పేదవాడి కోసం నౌకరీని పణంగా పెట్టిన మొగోడు అన్నారు. ఎన్నో ఏళ్ళు ఆ మాట విని మీసం మెలేసుకున్నాను. నిజానికి ఆ రోజు నేను పంజరం తలుపు తీసింది ధైర్యం ఉండి కాదు. ఒక్క వాక్యం చెప్పే ధైర్యం లేక.

ఈ సంగతి ఎరిగిన మనిషి ఒక్కడున్నాడు. వదిలేశాక అతను ఖాళీ పంజరం భుజాన వేసుకొని, నా దగ్గర ఆగాడు.

"పిట్ట పోయింది గదా, నష్టమైందా?" అని అడిగాను.

"ఎట్లనన్న సందెకు ఇడ్సేటిదే దొరా." అని, పంజరాన్ని ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "గా నీలం పిట్టోన్ని వట్టుకోరా?"

"ఎవరూ ఫిర్యాదు ఇస్తలేరు," అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు, పొద్దున చూసినట్టే. ఈసారి తల దించుకోలేదు. "మీ కండ్లకు ఇంక కొంచెం ఉన్నది దొరా. సున్నిపిండి వెట్టి కడుగుండ్రి, పోతది," అన్నాడు. అని భార్యను వెంటబెట్టుకొని వెళ్ళిపోయాడు. మరుసటి దసరాకు జరీ తలపాగావాడు బస్తీలోకి దర్జాగా వచ్చాడు, నాకు సలాం కూడా చేశాడు. వాడిమీద కాగితం లేదు మరి.

కాబట్టి నాయనలారా, పండుగనాడు మోసపోకుండా ఉండటం ఎలాగో నన్ను అడగకండి. నాకు తెలియదు. డప్పువాడు నాకంటే బాగా చెప్పాడు. మోసపోయాక ఏం చేయాలో మాత్రం తెలుసు, ఎందుకంటే నేను చేయలేదు కాబట్టి. ఇప్పుడు చేస్తున్నాను. ఎవరైనా కలం పట్టి రాసుకోండి. దసరా పొద్దున, జరీ తలపాగా పెట్టుకున్న ఒకడు నీలిమందు పూసిన పావురాన్ని పాలపిట్టని చెప్పి చూపించగా, పోలీసు నాకాలో మొహర్రిర్‌గా ఉన్న నేను దానికి దండం పెట్టి కళ్ళకు అద్దుకున్నాను. ఫిర్యాది: నేనే. సాక్షి: మా అమ్మ. చూసిన సాక్షి కాదు, విన్న సాక్షి.

ఆలస్యానికి కారణం: సిగ్గు.